నలుగురు నడిపిన సంఘానికి ఒక్క పాస్టరు

2017లో నేను బందరులో ఉంటూ ఒక చిన్న మిషన్ సంస్థకు ఏరియా కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. గుడివాడ, నందివాడ పల్లెల నుంచి కింద దివిసీమ చివరి దాకా ఉన్న మా సంఘాలన్నీ నా కింద ఉండేవి. సంఘం అంటే ఒక ఊళ్ళో ఆదివారం కలిసి ఆరాధన చేసుకునే క్రైస్తవ కుటుంబాలు. కోఆర్డినేటర్ పని పాస్టర్లను చూసుకోవడం. ఎవరికి ట్రైనింగ్ ఇప్పించాలి, ఎవరిని ఏ ఊరు పంపాలి, ఎవరి మీద ఫిర్యాదు వచ్చింది, ఇవన్నీ నేనే తేల్చాలి. నేనూ అభిషేకం పొందినవాణ్ణే కాబట్టి, పాస్టరు లేని ఊళ్ళకు నెలకోసారి వెళ్ళి, యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనం ఇచ్చి రావడం కూడా నా బాధ్యతే.

మా ట్రైనింగ్ క్లాసుల్లో దివిసీమలోని ఒక సంఘం గురించి చెబుతుంటారు. టీమ్ మినిస్ట్రీ, అంటే ఒక్క పాస్టరు కాకుండా కొందరు కలిసి సంఘాన్ని నడిపే పద్ధతి, ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఆ ఊరు ఉదాహరణ. అక్కడ నలుగురు పెద్దలు ఉండేవారనీ, వాళ్ళలో ఒకరిని పాస్టరుగా నియమిస్తే మిగతావాళ్ళు ఓర్వలేక అతన్ని ఒంటరిగా వదిలేశారనీ, ఆ బరువుకే అతను పోయాడనీ చెబుతారు. ఆ కథను మొట్టమొదట చెప్పింది నేను. అది అబద్ధం. జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఆ ఊరు కోడూరు దాటాక వస్తుంది. పేరు రాయను, అక్కడివాళ్ళను ఇప్పటికే చాలా ఇబ్బంది పెట్టాను. డెబ్భై ఏడు ఉప్పెనలో ఆ ఊరి పాస్టరు కుటుంబంతో సహా కొట్టుకుపోయారు. మిగిలినవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు ఒకరిద్దరు. ఎవరో ఒకరు బైబిలు చదివేవారు, ఇంకొకరు ప్రార్థన చేసేవారు, మరొకరు రోగుల ఇళ్ళకు వెళ్ళేవారు. అలా నడిచింది. తర్వాత పాస్టర్ని పంపుతామని ఎవరన్నా, ఇప్పుడు బాగానే ఉంది కదండీ అనేవారట. నేను చూసేనాటికి ఆ పనులు చేస్తున్నది రెండో తరం. బస్టాపు దగ్గర ఇడ్లీ కొట్టు పెట్టుకున్న కాంతమ్మ, రిటైరైన దావీదు మాస్టారు, వేటకు వెళ్ళే అబ్రహాం, రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు బాగుచేసే యేసురత్నం.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఇక్కడ లీడర్ ఎవరండీ అని అడిగాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇవాళైతే కాంతమ్మక్కండీ," అన్నాడు అబ్రహాం. "టిఫిను పెట్టేది ఆవిడే కదా."

"మొన్న అబ్రహాం పడవ ఇంజను ఆగిపోయినప్పుడు రత్నం లీడరు," అంది కాంతమ్మ. "ఒడ్డుకొచ్చాక మళ్ళీ మామూలే."

నేను నవ్వాను గానీ నాకు ఆ జవాబు నచ్చలేదు. నా రిపోర్టులో ఇన్‌చార్జి అనే చోట ఒక్క పేరు రాయాలి.

వాళ్ళ పద్ధతి ఇదీ. గురువారం సాయంత్రం నలుగురూ ఎవరో ఒకరి అరుగు మీద కూర్చునేవారు. ఆదివారం చెప్పబోయే వాక్యాన్ని నలుగురూ కలిసి చదివి మాట్లాడుకునేవారు, ఎవరి వంతైతే వాళ్ళు నిలబడి చెప్పేవారు. ఏ నిర్ణయమైనా అక్కడే. అందులో ఒక్కరు వద్దన్నా ఆ సంగతి మరుసటి గురువారానికి వెళ్ళేది. వద్దన్నవాళ్ళను ఎవరూ ఒత్తిడి చేసేవారు కాదు. ఒకసారి ఎవరో దానమిచ్చిన మైకు సెట్టు జీపులో వేసుకుని వెళ్ళాను. పక్కింటి పిల్లకు పరీక్షలు, అయ్యేదాకా వద్దంది కాంతమ్మ. అంతే, ఆ మైకు సెట్టు నాతోపాటే బందరు తిరిగొచ్చింది. దారి పొడుగునా నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంకొక ఆచారం వేరే ఏ ఊళ్ళోనూ చూడలేదు. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను మేం శ్రమకాలం అంటాం. మిగతా ఊళ్ళలో ఎవరి ఉపవాసం వాళ్ళది. ఈ ఊళ్ళో ఉపవాసం సంఘానిది. వంతులు వేసుకునేవారు. బాలింతలు, రోగులు, నాట్లకు వెళ్ళేవాళ్ళ వంతును ఇంకొకరు తీసుకునేవారు. ఇలా వంతు ఇచ్చేసినవాళ్ళు, తీసుకున్నవాళ్ళ ఎదుట కూర్చుని అన్నం తినాలి. అది నియమం. రత్నానికి షుగరు జబ్బు. అతని వంతు ప్రతి ఏడూ కాంతమ్మదే. పొద్దున్నే కొట్టు దగ్గర అతన్ని కూర్చోబెట్టి తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఇడ్లీ పెట్టేది. "తిను తమ్ముడూ, నువ్వు తింటేనే నా ఉపవాసం చెల్లుద్ది," అనేదట. అతను సిగ్గుపడుతూ తినేవాడట. ఇది నాకు రత్నమే చెప్పాడు.

రత్నం మాట్లాడితే వినాలనిపించేది. చదివింది పదో తరగతి. అయినా చెరువులో గాలి అందక రొయ్య పైకి తేలినప్పుడు ఎలా ఉంటుందో చెప్పి, దాన్నుంచి ప్రార్థన లేని మనిషి దగ్గరకు వచ్చేవాడు. మా సంస్థలో పెద్ద చదువులు చదివిన పాస్టర్లలో అలా చెప్పేవాళ్ళు లేరు. ఇతన్ని ఆర్డినేషన్ చేయించాలనుకున్నాను. ఆర్డినేషన్ అంటే అభిషేకమిచ్చి పాస్టరుగా నియమించడం. ఆ తర్వాత ప్రభురాత్రి భోజనం ఇచ్చే అధికారం అతనికే ఉంటుంది. ఆఫీసు నన్ను తొందరపెట్టలేదు, ఆ ఊరి సంగతి మీకు తోచినట్టు చూడండి అన్నారు. తోచిందంతా నాదే. పులిగడ్డ వంతెన దాటి వానలో అంత దూరం నెలనెలా వెళ్ళే పని తప్పుతుందని కూడా లోపల ఉంది. దాన్ని అప్పుడు దేవుడి పిలుపు అన్నాను.

ఆ నలుగురినీ కూర్చోబెట్టి అడగాల్సిన మాటను, అవనిగడ్డలో ఒక టీకొట్టు దగ్గర రత్నం ఒక్కణ్ణీ అడిగాను.

"నేను మాట్లాడతాను సార్, అంతే," అన్నాడు. "ఎవరింట్లో ఏం జరుగుతుందో అక్కకి తెలుసు. గొడవలొస్తే మాస్టారు సర్దుతారు. నన్నొక్కణ్ణీ ఇందులోంచి తీస్తే నేనేం పనికొస్తాను?"

"దేవుడు పిలిస్తే నలుగురినీ అడిగి చెప్తానంటావా రత్నం?"

అతను టీ సగంలోనే వదిలేసి లేచాడు. ఆ మాటకు ఏ విశ్వాసి దగ్గరా జవాబు ఉండదు. అది తెలిసే అన్నాను.

గురువారం ఆ సంగతి వాళ్ళ ముందుకు వచ్చింది. నేనూ వెళ్ళాను. మాస్టారు ఆలోచించి సరేనన్నారు. అది రత్నం ఇష్టమన్నాడు అబ్రహాం. కాంతమ్మ వద్దంది. ఎందుకని అడిగితే, "వీడికి కాదనడం రాదండీ. ఇప్పుడు వీడి బదులు మేం కాదంటున్నాం. రేపు ఎవరంటారు?" అంది. వాళ్ళ లెక్కన ఆ మాటతో సంగతి ఆగిపోవాలి. నేను ఆపలేదు. ఆర్డినేషన్ విషయంలో నిర్ణయం సంస్థదని చెప్పి లేచాను. ఆ అరుగు మీద ఒకరి కాదన్న మాటను తోసేయడం అదే మొదటిసారని తర్వాత మాస్టారు నాతో అన్నారు. ఫిర్యాదులా అనలేదు, వాన పడిందన్నట్టు అన్నారు.

బందరులో ఆర్డినేషన్ జరిగిన రోజు కాంతమ్మ మంచి చీర కట్టుకుని వచ్చింది. తెల్ల అంగీలో ఉన్న రత్నం దగ్గరికొచ్చి వందనాలు అయ్యగారూ అంది. అతను కంగారుపడి, అదేంటక్కా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఇకనుంచి అలాగే పిలవాలమ్మా, పిల్లలు చూసి నేర్చుకుంటారు అన్నాను.

తర్వాత మార్పులు నెమ్మదిగా వచ్చాయి, అన్నీ నేను చెప్పినవే. గురువారం కూర్చోవడం మానిపించి, నెలకోసారి రత్నం అధ్యక్షతన కమిటీ పెట్టించాను. పాస్టరు చేతికి గ్రీజు అంటి ఉంటే బాగుండదని మెకానిక్ పని మానిపించాను. చాప మీద కూర్చునే మనిషికి స్టేజీ మీద కుర్చీ వేయించాను. ఇదివరకు నలుగురి తలుపులు తట్టిన జనం ఇప్పుడు ఒక్క తలుపే తట్టారు. పెళ్ళి సంబంధం కుదరకపోయినా, పాము కరిచినా, మొగుడు తాగొచ్చినా అయ్యగారే. రత్నం తను వెళ్ళలేని చోటికి కాంతమ్మను పంపితే, అయ్యగారు రాలేదా అని మొహం మాడ్చుకునేవారట. కొన్నాళ్ళకు ఆమె వెళ్ళడం మానేసింది. రత్నం చిక్కిపోయాడు. నేనది చూశాను. సేవ చేసేవాళ్ళు చిక్కుతారులే అనుకున్నాను.

మరుసటి ఏడు శ్రమకాలం వచ్చింది. పాస్టరయ్యాక ఇంకొకరికి వంతు ఇచ్చి, వాళ్ళ ఎదుట కూర్చుని ఇడ్లీ తినడం రత్నానికి కుదరలేదు. శ్రమకాలమంతా పగలు ఏమీ తీసుకోనని ప్రకటించాడు. రాత్రికి కొంచెం తినేవాడు. ఆ సంగతి తెలిసి, గుడివాడలో జరిగిన పాస్టర్ల మీటింగులో అతన్ని లేపి నిలబెట్టి, ఇలా ఉండాలి కాపరి అంటే అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అతను తల దించుకున్నాడు. వినయమనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, వెనక్కి వెళ్ళే దారిని నేను అందరిముందూ మూసేస్తున్నానని అతనికి ఆ క్షణమే అర్థమై ఉంటుంది.

తర్వాత కొద్ది రోజులకు కాంతమ్మ కొట్టు మూసుకుని బస్సులో బందరు వచ్చింది. మా ఇల్లు వెతుక్కుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అయ్యగారూ, రత్నం చేత ఉపవాసం ఆపించండి. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుంటున్నాడు. మేం చెప్తే వినడు. మీరొక్క మాటంటే తింటాడు."

ఉపవాసం అతనికీ దేవుడికీ మధ్య విషయమన్నాను.

"మా ఊళ్ళో అది అందరి మధ్య విషయమండీ," అంది.

ఆమె ఆర్డినేషన్ వద్దన్న సంగతి నా మనసులో ఉంది. దాని కొనసాగింపే ఇది అనుకున్నాను. "అమ్మా, ఇప్పుడు అతను నీ తమ్ముడు కాదు, నీ కాపరి. కాపరిని గొర్రెలు మేపవు," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మరి ఎవరు మేపుతారండీ?"

ఈస్టరు అయ్యేదాకా పాస్టరు గారింటికి తిండి పట్టుకుని వెళ్ళొద్దని, అతని ఉపవాస దీక్షకు అడ్డు రావద్దని చెప్పాను. కోఆర్డినేటర్‌గా చెబుతున్నానని కూడా అన్నాను. ఆమె సరేనంది. మంచినీళ్ళు తాగమని మా ఆవిడ అడిగితే, ఈ పూట ఉపవాసమమ్మా అని వెళ్ళిపోయింది. ఎవరి వంతు ఉపవాసమో నాకు అప్పుడు తట్టలేదు.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. ఆనవాయితీగా ఏడుగురు చెబుతారు. ఆ ఊళ్ళో అయితే చదువు రాని వాళ్ళు కూడా ఒక మాట పంచుకుని రెండు నిమిషాలైనా మాట్లాడేవారు. ముందు రోజు రత్నం ఫోన్ చేశాడు. ఏడు మాటలూ తనే చెప్పాలా, మాస్టారు రెండు తీసుకుంటానంటున్నారు అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. జనం నీ కోసం వస్తున్నారు, నేనూ వస్తున్నాను, నువ్వే చెప్పు అన్నాను. అలాగే సార్ అన్నాడు.

రేకుల షెడ్డు. మిట్టమధ్యాహ్నపు ఎండ. స్టేజీ మీద రెండు కుర్చీలు, ఒకటి నాది. రత్నం నిలబడి మొదలుపెట్టాడు. రెండు మాటలు బాగా చెప్పాడు. మూడో మాట దగ్గర చెయ్యి వణకడం చూశాను. తెల్ల అంగీ వీపుకి అతుక్కుపోయింది. నాలుగో మాటలో చెప్పిన వాక్యాన్నే మళ్ళీ చెప్పాడు, నాలుక మడతపడింది, మధ్యలో కళ్ళు మూసుకుని ఊగాడు. ముందు వరసలో ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. స్తోత్రం స్తోత్రం అంటున్నారు. నేను కూడా ఆమేన్ అన్నాను. ఇన్నేళ్ళలో ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఇలాంటిది వినలేదనుకున్నాను. మా దగ్గర ప్రసంగీకుడు వణికితే, చెమటలు పడితే, మాట తడబడితే అది పరిశుద్ధాత్మ దిగి రావడం. షుగరు పడిపోయినా మనిషి అలాగే ఉంటాడని షెడ్డులో తట్టింది ఒక్క కాంతమ్మకే.

ఆమె తలుపు దగ్గర చాప మీద నుంచి లేచింది. చేతిలో స్టీలు గ్లాసు. వరసల మధ్యగా నడిచి స్టేజీ మెట్టు దాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు. ఆమె నన్ను చూడలేదు, రత్నాన్నే చూస్తోంది. నేను అరచెయ్యి ఎత్తి ఆగమన్నాను. కూర్చోమని కిందికి చూపించాను.

ఆమె ఆగింది. మెట్టు పక్కన నేల మీదే కూర్చుని, గ్లాసు మీద కొంగు కప్పుకుంది.

రత్నం ఏడు మాటలూ పూర్తి చేశాడు. చివర్లో ఏం చెప్పాడో ఎవరికీ అర్థం కాలేదు, అయినా అందరూ ఏడ్చారు. వెళ్ళి నా పక్క కుర్చీలో కూర్చుని తల వంచాడు. ప్రార్థిస్తున్నాడనుకున్నాను. పాట పాడుతుండగా కుర్చీలోంచి జారిపోయాడు. నాకంటే ముందు కాంతమ్మే చేరింది. తల ఒళ్ళో పెట్టుకుని గ్లాసు నోటికి అందించింది. పంచదార నీళ్ళు పెదవి చివర నుంచి కారిపోయాయి.

అబ్రహాం ఎవరిదో ట్రాలీ ఆటో తెచ్చాడు. అవనిగడ్డ ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించి బందరు పంపారు. షుగరు మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఇలా అవుతుందని, మెదడుకు చాలాసేపు పంచదార అందలేదని డాక్టరు చెప్పారు. రత్నం కళ్ళు తెరవలేదు. ఈస్టరు వెళ్ళాక పోయాడు.

ఆసుపత్రి వరండాలో రత్నం భార్య సుగుణ నన్నొక మాట అడిగింది. "అయ్యగారూ, అక్క ఆ గ్లాసు పట్టుకొచ్చి మధ్యలో ఎందుకాగిపోయింది? మీరు పైనే ఉన్నారుగా." సుగుణ కూర్చున్న వైపు నుంచి నా చెయ్యి కనిపించి ఉండదు. నాకు తెలియదమ్మా అన్నాను.

భూస్థాపన కూటంలో ఇంకాస్త ముందుకు వెళ్ళాను. కాపరి ఒంటరిగా మోస్తున్నప్పుడు భుజం కలపాల్సినవాళ్ళు కలపలేదన్నాను. పేర్లు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆర్డినేషన్ వద్దన్నదెవరో ఊరికి తెలుసు. శ్రమకాలమంతా అతని గుమ్మం తొక్కనిదెవరో, చివరి రోజు ప్రసంగం మధ్యలో లేచి వచ్చిందెవరో తెలుసు. వెళ్ళొద్దన్న నా మాటకు ఆమె కట్టుబడిందని ఎవరికీ తెలియదు, ఆమె చెప్పలేదు. ఆఫీసుకూ అదే చెప్పాను. కాంతమ్మ ఆ సంఘానికి రావడం మానేసి, ఆదివారాలు బస్సెక్కి కోడూరు వెళ్ళి అక్కడి చర్చిలో వెనక కూర్చునేదని విన్నాను. నేను వెళ్ళి పలకరించలేదు.

ఏళ్ళు గడిచాయి. ఆ ఉద్యోగం వదిలేశాను. కిందటి ఏడు గుడివాడలో ట్రైనింగ్ ముగింపుకు నన్ను అతిథిగా పిలిచారు. ఒక యువ బోధకుడు ఆ ఊరి కథ చెప్పాడు. నేను చెప్పినదానికంటే చాలా పెరిగింది. అందులో ఇప్పుడు అసూయతో రగిలిపోయే ఒక స్త్రీ ఉంది, ప్రసంగాన్ని ఆపడానికి స్టేజీ మీదకు దూసుకొస్తుంది. కొత్తగా సేవకు వచ్చిన ఆడపిల్లలిద్దరు శ్రద్ధగా రాసుకుంటున్నారు. లేచి కాదనాలి. లేవలేదు. మెమెంటో తీసుకుని బయటికొచ్చాను.

సుగుణ ఇప్పుడు ఆ గుడివాడలోనే ఉంటోంది, ఒక స్కూల్లో ఆయాగా చేస్తోంది. అడ్రసు కనుక్కుని సాయంత్రం వెళ్ళాను. అంతా చెప్పాను. బందరులో నా గుమ్మం, ముందు రోజు ఫోను, నా చెయ్యి. ఆమె ఏడవలేదు. తన చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

"మాత్ర పొద్దున్నే నేనే ఇచ్చేదాన్నండీ," అంది. "మానకూడదని డాక్టరు గారు చెప్పారు కదా అని. తిండి లేకుండా ఎలాగా అని అక్కనడుగుదామనుకున్నా. అక్క రావట్లేదని కోపం వచ్చి అడగలా." తర్వాత లేచి, "నాకు చెప్తే చాలదండీ, అక్క దగ్గరికెళ్దాం పదండి," అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. కాంతమ్మ కొట్టు బల్ల కడుగుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. సుగుణను చూసి చేతిలో చెంబు పక్కన పెట్టింది. సుగుణ వెళ్ళి ఆమె భుజం మీద తల పెట్టుకుంది. నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాత బల్ల మీద కూర్చున్నాం. నేను సిద్ధం చేసుకుని వెళ్ళిన మాటలు చెప్పాను. సంఘం ముందు చెబుతానన్నాను, ఆఫీసుకూ చెబుతానన్నాను. తప్పంతా నాదేనన్నాను, మీ ఇద్దరికీ ఇందులో ఏమీ లేదన్నాను.

కాంతమ్మ వింటూనే ఉంది. "అంతా మీరే తీసుకుంటారా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"మీరు చెయ్యెత్తారు. నిజమే. ఎత్తితే నేనెందుకాగానండీ? మా అమ్మ చేతుల్లో ఉప్పెనకి బతికినదాన్ని. ఒక మనిషి చెయ్యి చూసి ఆగిపోయానే. వద్దంటే వెళ్ళకుండా ఉండిపోయానే. నాకు కోపం లేదా అప్పుడు? ఉంది. అయ్యగారయ్యావుగా, అనుభవించు అనుకున్నా ఒక్కోరోజు. అది నాది. అది మీకెలా ఇస్తాను?" సుగుణ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "దీనిది దీనికుంది. మాస్టారుకి ఆయనది. మీది మీరు మొయ్యండి. మాది మమ్మల్ని మొయ్యనివ్వండి."

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు.

తర్వాత ఆదివారం అక్కడి సంఘం ముందు నిలబడి జరిగింది చెప్పాను. ఇప్పుడున్న పాస్టరు బయటి ఊరినుంచి వచ్చిన మంచివాడు. దయగా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ నలుగురిలో రత్నం తర్వాత అబ్రహాం కూడా పోయాడు, మాస్టారుకు వినికిడి లేదు. గురువారాలు మళ్ళీ మొదలవలేదు. ఒకసారి ఆపేసినదాన్ని చెప్పి మొదలుపెట్టించడం నా వల్ల కాదని తెలుసుకున్నాను. కాంతమ్మ ఆ రోజు కూడా కోడూరే వెళ్ళింది.

ముప్పై ఏళ్ళ సేవలో నాయకత్వం మీద చాలా క్లాసులు తీసుకున్నాను. మంచి కాపరి ఎలా ఎదుగుతాడో, ఎలా బోధిస్తాడో చెప్పాను. రత్నం నుంచి నేర్చుకున్నది అందులో ఎక్కడా లేదు. మనిషికి, నువ్వు కూర్చో, ఈ పూట నేను చూస్తాను అని చెప్పగలవాళ్ళు దగ్గరలో ఉండాలి. అలా చెప్పే హక్కు వాళ్ళకు ఉండాలి. రత్నానికి అలాంటివాళ్ళు ముగ్గురు ఉండేవారు. అతన్ని గౌరవించాలని ఆ ముగ్గురినీ అతని దగ్గర నుంచి తీసేసింది నేనే.